కరెంటు పోయినవాడి సరుకు ఎవరికి? యూరోపా ఎక్స్‌ట్రాక్షన్ రోగ్‌లైట్ రూపకల్పనపై సలహాలు కావాలి

చంపావతి_కోడ్ (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగాలు చేసుకుంటూ, మిగిలిన వేళల్లో మేము ముగ్గురు మిత్రులం కలిసి గోడో ఇంజిన్‌లో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక మల్టీప్లేయర్ గేమ్ తయారుచేస్తున్నాం. దానికి ఇంకా పేరు పెట్టలేదు. నలుగురు ఆటగాళ్లు బృహస్పతి ఉపగ్రహమైన యూరోపా మీద, మంచు పొర కింద పాడుబడిన ఒక గనిలోకి దిగుతారు. అక్కడ మిగిలిపోయిన యంత్ర భాగాలనూ, ఖనిజ నమూనాలనూ ఏరుకుని, నౌక బయలుదేరేలోగా వెనక్కి వచ్చి ఎక్కాలి. ఎక్కితే తెచ్చిందంతా సొంతమవుతుంది, ఎక్కలేకపోతే ఒంటిమీది పరికరాలతో సహా పోతుంది. సొరంగాలు ప్రతిసారీ కొత్తగా ఏర్పడతాయి. మనిషి పోయినా స్థావరంలో చేసుకున్న కొన్ని మెరుగులు మాత్రం నిలుస్తాయి. సరుకుతో బయటపడితేనే దక్కే ఎక్స్‌ట్రాక్షన్ ఆటలోని తెగింపునూ, చచ్చినా కొంత మిగుల్చుకుని మళ్లీ మొదలుపెట్టే రోగ్‌లైట్‌లోని పునర్జన్మనూ కలపాలన్నది మా ఆశ.

మమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది గనిలోని జీవులు కావు, మన ఊళ్ల కరెంటు. ఈ మధ్య పరీక్షించినప్పుడు గజపతినగరంలో ఉన్న మా మిత్రుడు గని మొత్తంలో అత్యంత విలువైన రియాక్టర్ గుండెను మోసుకుంటూ వస్తున్నాడు. నౌక కనుచూపు మేరలో ఉండగా అతని వీధిలో కరెంటు పోయింది. అతని పాత్ర అక్కడే కొయ్యబారి నిలబడింది, రెండు జీవులు వచ్చి దాన్ని చీల్చేశాయి. కరెంటు వచ్చాక అతను లోపలికి వస్తే ఖాళీ స్థావరం కనిపించింది. ఆట నియమం ప్రకారం అది మరణమే, కానీ అతను చేసిన తప్పేమీ లేదు.

నెట్ తెగిన ఆటగాడిని చనిపోయినట్టు లెక్కించాలా, అతని పాత్రను కంప్యూటర్‌కు అప్పగించాలా, లేక సరుకుతో సహా క్షేమంగా నౌకలోకి చేర్చాలా? కారణాలతో చెప్పగలరు.

బొబ్బిలి_రాత్రులు (బొబ్బిలి)

చనిపోయినట్టే లెక్కించాలి. ఇది కఠినంగా వినిపిస్తుందని తెలుసు, కానీ ఈ తరహా ఆటల బలమంతా పోగొట్టుకుంటామన్న భయంలోనే ఉంది. 1980లో వచ్చిన రోగ్ ఆటలో ఆటను భద్రపరచుకునే వీలుండేది, అయితే మళ్లీ తెరిచిన క్షణాన ఆ ఫైలును ఆటే చెరిపేసేది. రాత్రి నిద్రకు ఆపుకోవచ్చు గానీ, చావు ఎదురైనప్పుడు వెనక్కి వెళ్లడానికి కుదరదు. ఆపడానికీ, తప్పించుకోవడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆ రూపకర్తలు నలభై ఏళ్ల కిందటే తేల్చారు.

ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ సంగతి చూడండి. 2017లో క్లోజ్డ్ బీటా (కొందరికే తెరిచిన పరీక్షా రూపం) మొదలై, 2025 నవంబరులో 1.0 (పూర్తి రూపం) విడుదలైన ఆ ఆటలో నెట్ తెగినా మన పాత్ర మైదానంలోనే ఉంటుంది. తిరిగి కనెక్ట్ అయ్యేలోగా ఎవరైనా కాల్చవచ్చు. అన్యాయం అనిపిస్తుంది నిజమే, కానీ దాన్ని సడలించిన మరుక్షణం ఓడిపోతున్న ప్రతివాడూ కేబుల్ పీకుతాడు. చావుకు ఒక్క నిమిషం ముందు ఎంతమందికి కరెంటు పోతుందో మీరే చూస్తారు.

పలాస_పైలట్ (కాశీబుగ్గ)

బొబ్బిలి గారూ, టార్కోవ్‌లో మన ఎదుట ఉన్నది మరో మనిషి. మీరు కేబుల్ పీకితే అతనికి దక్కాల్సిన సరుకు దక్కదు కాబట్టి అక్కడ కాఠిన్యం అవసరం. చంపావతి గారి ఆటలో ఎదుట ఉన్నవి గని జీవులు. వాటికి దక్కాల్సిన సరుకును ఎగ్గొట్టినా ఫిర్యాదు చేసేవారు ఉండరు.

2023 అక్టోబరులో వచ్చిన లీథల్ కంపెనీని నేను చాలా రాత్రులు ఆడాను. అందులోనూ నలుగురే. చంద్రుల మీద దిగి తుక్కు ఏరి, మూడు రోజుల గడువులో కంపెనీ కోటా నింపాలి, మొదటి కోటా 130 విలువ చేసే తుక్కు. అర్ధరాత్రి అయితే నౌక ఎవరి కోసమూ ఆగదు. అందరూ చనిపోతే నౌకలో పోగేసిన తుక్కంతా పోతుంది. ఒకరు బతికి వచ్చినా తుక్కు నిలుస్తుంది, పోయినవారికి జరిమానా పడుతుంది, వారి శవాలను మోసుకొస్తే ఆ జరిమానా తగ్గుతుంది. ఈ శవం నియమం నాకు ఎంతో నచ్చింది. చీకట్లో భారం మోయడమా, తుక్కు మోయడమా అని మిత్రులు మైకులో కొట్టుకుంటుంటే, చచ్చినవాడు ఏమీ అనలేక చూస్తూ ఉంటాడు.

అందులో నాకు నచ్చనిది హోస్ట్ వ్యవహారం, అంటే ఒకరి కంప్యూటర్ మీదే అందరి ఆటా నడవడం. హోస్ట్‌కు నెట్ పోతే అందరి ఆటా ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస దగ్గర తీరం దాటిన తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ప్రాంతం మాది. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే ముందుజాగ్రత్తగా లైను ఆపేస్తారు. మా స్నేహితుల్లో ఎవరు హోస్ట్ కావాలో నైపుణ్యాన్ని బట్టి కాదు, ఎవరింట్లో ఇన్వర్టర్ ఉందో దాన్ని బట్టి నిర్ణయిస్తాం.

వంశధార_తీరం (నరసన్నపేట)

నేను నెట్‌వర్క్ పనుల్లో ఉన్నవాడిని కాబట్టి నీతి సంగతి మీకు వదిలి, తీగ సంగతి చెబుతాను. చంపావతి గారు వర్ణించిన ఘటనలో ఒక వివరం అందరూ దాటవేశారు. వారి మిత్రుడి పాత్ర నెట్ తెగిన తరువాత చనిపోలేదు. నెట్ తెగిందని సర్వర్‌కు (ఆటను నడిపే కంప్యూటర్‌కు) తెలియకముందే చనిపోయింది.

గోడోలో మల్టీప్లేయర్‌కు మామూలుగా వాడేది ఈనెట్ లైబ్రరీ (కంప్యూటర్ల మధ్య సమాచారం చేరవేసే కోడ్). అవతలివాడు జవాబివ్వడం మానేస్తే, ముందుగా పెట్టిన అమరికల ప్రకారం, అతను పోయాడని తీర్మానించడానికి అది కనీసం 5 సెకన్లు, గరిష్ఠంగా 30 సెకన్లు తీసుకుంటుంది. ఆటలోంచి పద్ధతిగా బయటకు వస్తే వీడ్కోలు ప్యాకెట్ (చిన్న సందేశం) వెళుతుంది గానీ, కరెంటు పోయిన కంప్యూటర్ వీడ్కోలు చెప్పలేదు. ఈ వ్యవధి అంతా పాత్ర గనిలో దిక్కులేకుండా నిలబడి ఉంటుంది. మీరు మూడు విధానాల్లో ఏది ఎంచుకున్నా, ఈ మధ్యకాలాన్ని సరిచేయకపోతే ఫలితం ఒక్కటే. సెట్ టైమౌట్ అనే ఆదేశం ద్వారా ఆ విలువలను తగ్గించవచ్చు, కానీ మరీ తగ్గిస్తే మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవారు చిన్న తడబాటుకే బయటపడతారు. అంతకన్నా మేలైన పద్ధతి ఏమిటంటే, ఆటగాడి నుంచి చివరి ప్యాకెట్ వచ్చిన సమయాన్ని సర్వర్ గుర్తుపెట్టుకోవాలి. రెండు సెకన్లు దాటినా ఏమీ రాకపోతే జీవులు అతన్ని లక్ష్యంగా ఎంచుకోవడం మానేయాలి. తరువాత నెట్ నిజంగానే తెగిందని తేలితే ఆ చివరి ప్యాకెట్ నాటి స్థితినే అసలు స్థితిగా తీసుకోవాలి.

రెండోది, తిరిగి రావడం. గోడోలో క్లయింటు (ఆటగాడి కంప్యూటర్) కనెక్ట్ అయిన ప్రతిసారీ కొత్త సంఖ్య వస్తుంది, సర్వర్‌కు మాత్రం ఎప్పుడూ 1. కాబట్టి తిరిగొచ్చిన మీ మిత్రుడు ఇంజిన్ దృష్టిలో కొత్త మనిషి, పాత సామానుకు వారసుడు కాడు. ఐపీ చిరునామాతో (నెట్‌లో కనెక్షన్‌కు ఉండే సంఖ్య) గుర్తుపట్టాలని చూడకండి. ఇంటి ఫైబర్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీదికి వస్తే అది మారిపోతుంది. ఆట మొదట్లోనే ఒక రహస్య టోకెన్ ఇచ్చి, అది చూపినవాడికి పాత పాత్రను అప్పగించండి.

మూడోది మీకు కలిసొచ్చే సంగతి. గని ప్రతిసారీ కొత్తగా అల్లుకుంటుందంటే ఏదో ఒక సీడ్ సంఖ్య (విత్తనం లాంటి మొదటి అంకె) నుంచే అల్లుకుంటుంది. 64 బిట్ల సీడ్ అంటే 8 బైట్లు. తిరిగొచ్చినవాడికి గని పటమంతా పంపనక్కర్లేదు. సీడ్ పంపి, దానితోపాటు తెరిచిన తలుపులు, తీసుకున్న వస్తువులు, చచ్చిన జీవుల జాబితా పంపితే చాలు, నీరసమైన సిగ్నల్ మీద కూడా క్షణాల్లో చేరుతుంది. ఒక్క షరతు, గనిని అల్లే లెక్క అన్ని కంప్యూటర్లలోనూ ఒకే క్రమంలో నడవాలి. అలంకారానికి వేసే మంచు రవ్వలకూ, గని అల్లికకూ ఒకే యాదృచ్ఛిక సంఖ్యల ధార వాడారంటే ఒకరి తెర మీది తలుపు మరొకరి తెర మీద గోడ అవుతుంది.

చంపావతి_కోడ్

మాస్టారూ, టైమౌట్ సంగతి మాకు తట్టలేదు. రాత్రి లాగ్‌లు (సర్వర్ నమోదులు) తీసి చూస్తే మిత్రుడి చివరి ప్యాకెట్‌కూ, అతని మరణానికీ మధ్య తొమ్మిది సెకన్లు ఉన్నాయి. డిస్‌కనెక్ట్ అయిన సంకేతం మరణం తరువాతే నమోదైంది. మీరు చెప్పినట్టే జరిగింది.

ఇంకొక సందేహం. మా ముగ్గురిలో ఇద్దరి ఇళ్లలో హోస్ట్ చేస్తే బయటివారు చేరలేకపోతున్నారు. రౌటర్‌లో పోర్టు తెరిచినా ఫలితం లేదు.

వంశధార_తీరం

అది సీజీనాట్, అంటే నెట్ కంపెనీ చేసే చిరునామాల పంపకం. ఐపీవీ4 (పాత తరహా ఐపీ) చిరునామాల కొరత వల్ల చాలా కంపెనీలు ఒకే బహిరంగ చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. మీ రౌటర్‌లో తలుపు తెరిచినా, దానికి ముందు కంపెనీ వారి దగ్గర ఇంకొక తలుపు మూసి ఉంటుంది, దాని తాళం మీ చేతిలో ఉండదు. రిలే (మధ్యలో నిలిచి సమాచారం అందించే సర్వర్) వాడండి. ఆటల దుకాణమైన స్టీమ్‌లో విడుదల చేసే ఉద్దేశం ఉంటే వారి రిలే వ్యవస్థ ద్వారా ఆటగాళ్లు ఒకరినొకరు చేరుకోవచ్చు.

మాట వచ్చింది కాబట్టి, విశాఖలో గూగుల్ డేటా కేంద్రం, దానితో సముద్ర కేబుల్ రాబోతున్నాయని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చినప్పటి నుంచి మన కష్టాలు తీరతాయని చాలామంది అనుకుంటున్నారు. పింగ్ (సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం) తగ్గవచ్చు, మంచిదే. అయితే మన ఆట తెగేది సముద్రంలో కాదు, వీధి చివర స్తంభానికీ ఇంటి గోడకీ మధ్య. ఫైబర్ ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో మధ్యలో ఉండి వెలుగును పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు, అది వట్టి గాజు పనితనం. ఆపరేటర్ గదిలో బ్యాటరీ ఉండి, మీ ఇంట్లో 12 వోల్టుల మోడెమ్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే, వీధంతా చీకటైనా ల్యాప్‌టాప్ మీద ఆట నడుస్తుంది. ఇంటికంతటికీ ఇన్వర్టర్ పెట్టించుకోలేనివారు కూడా ఈ పని చేసుకోవచ్చు.

రాజాం_రచన (రాజాం)

నేను లెక్కల ఉపాధ్యాయురాలిని, మా తమ్ముడితో కలిసి ఆడుతుంటాను. అందరూ మోసగాడి గురించే మాట్లాడుతున్నారు గానీ, మోసం లేకుండా ఆటకు దూరమయ్యే మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. 2024లో ఎర్లీ యాక్సెస్‌లో (పూర్తికాకముందే అమ్మకానికి) వచ్చిన ద ఫరెవర్ వింటర్ ఆటలో స్థావరంలోని నీరు మనం ఆడని రోజుల్లోనూ నిజ కాలంలో తరిగిపోయేది. నీరు అయిపోతే కూడబెట్టిందంతా పోయేది. యుద్ధ వాతావరణానికి ఆ ఆలోచన ఎంత అందంగా అతికినా, పరీక్షలు ఉన్నవాడికీ పురుడు ఉన్న ఇంటికీ అది శిక్షే అయింది. జనం గట్టిగా అడిగితే తరువాత మార్చారు. ఆటలో లేని మనిషిని దండించే నియమం ఎంత అందమైనదైనా నిలవదని నా అభిప్రాయం.

హెల్‌డైవర్స్ 2 ఆట వేరే దారి పట్టింది. అక్కడ అప్పగించిన పని పూర్తయితే, ఎవరూ వెనక్కి రాకపోయినా గెలిచినట్టే. నమూనాలు మాత్రం పెలికాన్ (వెనక్కి తీసుకెళ్లే నౌక) ఎక్కించిన వారుంటేనే లెక్కకు వస్తాయి, అలా వచ్చినవి జట్టులో అందరికీ సమానంగా చేరతాయి. మోసేవాడు పడిపోతే అతని దగ్గరున్న నమూనాలను మరొకరు ఏరుకోవచ్చు. దీనివల్ల సరుకు ఒక మనిషి భవిష్యత్తుతో ముడిపడి ఉండదు. మీ రియాక్టర్ గుండె కూడా అంతే, అది మీ మిత్రుడిది ఎందుకు కావాలి? జట్టుది కావచ్చు కదా.

బొబ్బిలి_రాత్రులు

రచన గారూ, అన్నీ జట్టువే అయితే ఎక్స్‌ట్రాక్షన్ అనే పదం ఎందుకు? నా సంచి, నా గుండె దడ, నా నిర్ణయం, ఇవి ఉంటేనే అది ఈ తరహా ఆట. లేకపోతే డీప్ రాక్ గెలాక్టిక్ ఉంది కదా, చక్కని ఆట. చివర్లో పాడ్‌ను (తిరుగు నౌకను) పిలిచాక అయిదు నిమిషాల్లో నలుగురు మరుగుజ్జుల్లో ఒక్కడు ఎక్కినా అందరూ గెలిచినట్టే, ఓడినా ఆయుధాలు పోవు. నేను కూడా నవ్వుకుంటూ ఆడతాను. కానీ అందులో చేతులు వణకవు.

భావనపాడు_అల (సంతబొమ్మాళి మండలం)

మా ఇంట్లో తాతల నాటి నుంచి వేట వృత్తి, నేను మాత్రం కంప్యూటర్ చదివాను. ఈ చర్చ చదువుతుంటే ఇళ్లలో మాట్లాడుకునే సంగతిలాగే ఉంది. నడిసంద్రంలో ఇంజిన్ ఆగిపోయిన పడవను దగ్గరున్న పడవ తాడు కట్టి ఒడ్డుకు లాక్కొస్తుంది. లాగిన పడవ తన వేట వదులుకుని, తన ఆయిల్ తగలేసుకుని వస్తుంది. ఆగిన పడవలోని చేప మాత్రం ఆగిన పడవదే.

మీ ఆటలో కూడా నెట్ తెగినవాడు చావకూడదు, క్షేమంగానూ చేరకూడదు. అతని సూట్ బిగుసుకుపోయి ఒక మూటగా మారాలి. సరుకు ఆ మూటలోనే ఉంటుంది, జీవులు దాన్ని ముట్టవు. మిగతావారు తాడు కట్టి లాక్కుంటూ నౌకకు చేర్చగలిగితే అతనిది అతనికి దక్కుతుంది. వదిలి వెళ్లిపోతే అది వారి నిర్ణయం, మరునాడు అతనికి వారే జవాబు చెప్పుకోవాలి.

పలాస_పైలట్

ఇది చాలా బాగుంది. లీథల్ కంపెనీలో శవం మోసే సన్నివేశానికి కథ కూడా తోడవుతుంది. పైగా బొబ్బిలి గారు కోరే నిర్ణయం పోలేదు, ఒకరి చేతిలోంచి ముగ్గురి చేతుల్లోకి మారింది.

బొబ్బిలి_రాత్రులు

ఆలోచన నచ్చింది, కానీ ఇందులోని కంత ఇప్పుడే చెబుతాను. గని అడుగున రియాక్టర్ గుండె దొరికింది. మోసేవాడు కేబుల్ పీకుతాడు. అతను జీవులు ముట్టని మూట అవుతాడు, అతనితోపాటు సరుకూ భద్రమవుతుంది. మిగతా ముగ్గురు హాయిగా లాక్కెళ్తారు. మీరు ఆపద కోసం కట్టిన గుడారం దొంగల ఇనప్పెట్టె అవుతుంది. మొదటి వారంలోనే ఎవరో ఒకరు దీన్ని వీడియో తీసి పెడతారు, రెండో వారం నుంచి అందరూ అలాగే ఆడతారు.

రెండో ప్రశ్న, ఒంటరిగా ఆడేవాడిని ఎవరు లాగుతారు?

చంపావతి_కోడ్

మూటను బరువుగా చేస్తే సరిపోదా? సూట్, మనిషి, సరుకు కలిపి 150 కిలోలు అనుకుందాం.

రాజాం_రచన

సైన్స్ ఫిక్షన్ అన్నారు కాబట్టి లెక్క చూద్దాం. యూరోపా ఉపరితలం మీద గురుత్వ త్వరణం సెకను వర్గానికి 1.31 మీటర్లు, భూమి మీద 9.8. కాబట్టి మీ 150 కిలోల మూట అక్కడ ఎత్తడానికి మన దగ్గర 20 కిలోల బియ్యం బస్తా అంత బరువే ఉంటుంది. భయపెట్టే భారం కాదు. అయితే ద్రవ్యరాశి తగ్గలేదు. కదిలించడానికీ, అంతకన్నా ముఖ్యంగా ఆపడానికీ 150 కిలోలంత శ్రమ పడుతుంది. పరుగెత్తుకుంటూ లాక్కొచ్చి మలుపులో ఆగితే మూట ఆగదు, మిమ్మల్ని లాక్కుంటూ పోయి గోడకు కొడుతుంది. బరువు అంకె పెంచి నడక నెమ్మది చేయడం ఏ ఆటలోనైనా చూస్తాం. తేలికగా లేచి, ఆపబోతే ఆగని మూట ఈ ఉపగ్రహానికే తగినది.

వంశధార_తీరం

తాడును నెట్‌వర్క్ మీద భౌతికశాస్త్రం ప్రకారం నడపడం కష్టమైన పని, ముందే హెచ్చరిస్తున్నాను. ముగ్గురు మూడు వైపులా లాగుతుంటే, ఆలస్యం వల్ల ఎవరి తెర మీద వారికి మూట వేరే చోట కనిపించి, చివరికి అది గెంతులు వేస్తుంది. తాడు ముళ్లన్నీ లెక్కకట్టకండి. మూట స్థానాన్నీ, వేగాన్నీ సర్వర్ ఒక్కటే లెక్కించాలి, తాడు తెర మీద గీసే గీత మాత్రమే కావాలి. ఒకేసారి ఒక్కరే లాగగలిగేలా నియమం పెడితే పని సగానికి తగ్గుతుంది.

రాజాం_రచన

బొబ్బిలి గారి కంతకు నాకు ఒక మార్గం తోస్తోంది, అది కూడా యూరోపాయే ఇస్తోంది. బృహస్పతి రేడియేషన్ వల్ల ఆ ఉపగ్రహం ఉపరితలం మీద రోజుకు సుమారు 5.4 సీవర్ట్‌ల (రేడియేషన్ హానిని కొలిచే ప్రమాణం) మోతాదు తగులుతుంది. చికిత్స లేకుండా ఒక్కసారిగా నాలుగైదు సీవర్ట్‌లు తగిలితే మనిషి బతకడం కష్టం. కానీ గని లోపల మంచు అడ్డుగా ఉంటుంది కాబట్టి భయం లేదు. గని ముఖద్వారానికీ నౌకకూ మధ్యనున్న బయలులోనే దెబ్బ తగులుతుంది. అక్కడ అరగంట ఉంటే 0.11 సీవర్ట్ పైన. ఒక్క దిగుడులో ఎవరూ చావరు, నిజమే. అయితే అది ఒంట్లో పేరుకుంటుంది. యూరప్ అంతరిక్ష సంస్థ తన వ్యోమగామికి వృత్తి జీవితమంతటికీ పెట్టిన పరిమితి 1 సీవర్ట్. ఆ లెక్కన తొమ్మిది అరగంటలు బయట గడిపినవాడు ఇక పదవీ విరమణ చేయాలి.

మీ రోగ్‌లైట్ భాగం ఇదే కావచ్చు. ఆటగాడి పాత్రకు ఆయుష్షు మోతాదులో ఉంటుంది. నిండిపోతే అతను స్థావరానికి తప్పుకుంటాడు, అతని అనుభవంలో కొంత కొత్తగా వచ్చినవాడికి దక్కుతుంది. 2013లో రోగ్ లెగసీ వంశపారంపర్యాన్ని ఇలాగే వాడుకుంది, ఒకరు పోతే వారసుడు కోటలోకి వెళతాడు.

ఇప్పుడు మూట దగ్గరికి వద్దాం. నెట్ తెగిన సూట్ బిగుసుకున్నప్పుడు దాని కవచం సగం శక్తితోనే పనిచేస్తుందని పెట్టండి. జీవులు ముట్టవు, సరుకు పోదు. కానీ బయలులో లాక్కెళ్లే ప్రతి సెకనుకూ రెట్టింపు మోతాదు అతని ఖాతాలో పడుతుంది. కరెంటు నిజంగా పోయినవాడికి ఏడాదికి కొన్నిసార్లు తగిలే ఆ నష్టం తెలియను కూడా తెలియదు. ప్రతి దిగుడులోనూ కేబుల్ పీకేవాడి పాత్ర తొందరగా ముసలిదైపోతుంది. ఎవరు మోసగాడో మీరు తీర్పు చెప్పనక్కర్లేదు.

బొబ్బిలి_రాత్రులు

దీనికి ఒప్పుకుంటున్నాను. నేను అడిగింది శిక్ష కాదు, ధర. సరుకు రూపంలో కాకపోయినా ఆయుష్షు రూపంలో ధర ఉంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. అయితే రెండు షరతులు. ఒకటి, మూటలోకి వెళ్లాక ఆటగాడు తిరిగి కనెక్ట్ అయితే వెంటనే లేచి నిలబడకూడదు. సూట్ వేడెక్కడానికి కొంత సమయం పట్టాలి, లేకపోతే జీవి మీద పడినప్పుడల్లా మూటగా మారి, అది పక్కకు పోగానే లేస్తారు. రెండు, భవిష్యత్తులో ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే విధానం పెడితే అక్కడ ఈ మూట ఉండకూడదు. ద సైకిల్: ఫ్రాంటియర్ కూడా ఇలాంటి సైన్స్ ఫిక్షన్ ఎక్స్‌ట్రాక్షన్ ఆటే. 2022 జూన్‌లో విడుదలై 2023 సెప్టెంబరులో మూతపడింది. మోసగాళ్ల బెడద దాన్ని ఎంత పీడించిందో ఆడినవారికి తెలుసు. మనుషుల మధ్య పోటీ ఉన్నచోట చిన్న కంత చాలు.

పలాస_పైలట్

ఒంటరివాడి సంగతి మిగిలిపోయింది. అతన్ని లాగేవారు లేరు కాబట్టి ఆటను అక్కడికక్కడే ఆపేయవచ్చు కదా? సర్వర్‌లో మరెవరూ లేనప్పుడు కాలం నడవాల్సిన పని లేదు. సీడ్, మార్పుల జాబితా భద్రపరిచి, అతను తిరిగి వచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టి, పాత నకలును చెరిపేస్తే సరి. బొబ్బిలి గారు మొదట చెప్పిన రోగ్ పద్ధతి ఇదే.

ఇంకొక మాట. 2025 అక్టోబరు చివర్లో వచ్చిన ఆర్క్ రైడర్స్‌లో అంతా పోగొట్టుకున్నవాడు కూడా ఉచిత సామగ్రితో మళ్లీ దిగవచ్చు, కానీ ఆ సామగ్రిలో చచ్చినా నిలిచే భద్రపు జేబు ఉండదు. అన్నట్టు స్థావరంలో స్క్రాపీ అనే కోడిపుంజు మన కోసం సామాను ఏరిపెడుతుంది, దాన్ని పందేలకు మాత్రం పంపరు. మీ ఆటలో కూడా చేతులు ఖాళీ అయినవాడికి మళ్లీ దిగే దారి ఒకటి ఉంచండి. తొలిరోజే అన్నీ పోగొట్టుకున్న కొత్తవాడు రెండో రోజు ఆటను తెరవడు.

చంపావతి_కోడ్

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ముగ్గురం కూర్చుని నిర్ణయించినది ఇది. రెండు సెకన్లు ప్యాకెట్ రాకపోతే జీవులు ఆ ఆటగాడిని వదిలేస్తాయి. ఎనిమిది సెకన్లకు సూట్ బిగుసుకుని మూట అవుతుంది, చివరి ప్యాకెట్ నాటి ప్రాణశక్తే అతనికి మిగులుతుంది. మూటను ఒకేసారి ఒక్కరే లాగగలరు, లాగేవారి చేతిలో ఆయుధం ఉండదు. బయలులో మోతాదు రెట్టింపు. తిరిగి వచ్చినవాడు టోకెన్ చూపి తన పాత్రను తీసుకుంటాడు, సూట్ వేడెక్కడానికి ఇరవై సెకన్లు పడుతుంది. ఒంటరి ఆట ఆగిపోతుంది, మళ్లీ తెరిచిన క్షణాన నకలు చెరుగుతుంది. సీవర్ట్‌ల ఆయుష్షును రచన గారి లెక్క ప్రకారమే మొదలుపెట్టి, ఆడి చూశాక సర్దుకుంటాం.

నలుగురిలో ముగ్గురికి ఒకేసారి నెట్ పోతే మిగిలిన ఒక్కడు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. ఒక్కో మూటనే లాగగలడు కాబట్టి, నౌక బయలుదేరేలోగా ఎవరిని తీసుకెళ్లాలో అతను ఎంచుకోవాల్సి వస్తుంది. మాలో ఇద్దరు అది అద్భుతమంటున్నారు, ఒకరు స్నేహాలు చెడతాయంటున్నారు.

భావనపాడు_అల

అలాగే ఉంచండి. కాకపోతే మూట మీద పేరు కనిపించాలి. ఎవరిని వదిలేశారో తెలియకుండా వదలకూడదు.

వంశధార_తీరం

పరీక్ష పెట్టేటప్పుడు ఆటలోని నిష్క్రమణ బొత్తాం నొక్కి నెట్ తెగినట్టు నటించకండి, అప్పుడు వీడ్కోలు ప్యాకెట్ వెళ్లిపోతుంది, మీకు అసలు ఇబ్బంది కనిపించదు. మోడెమ్ ప్లగ్ పీకండి. ఒకసారి వైఫై నుంచి హాట్‌స్పాట్‌కు మారి చూడండి. నలుగురూ ఒకే సబ్‌స్టేషన్ కింద ఉండకుండా చూసుకోండి. ఆదివారం సాయంత్రమైతే నేను నరసన్నపేట నుంచి చేరగలను, పలాస గారు కూడా వస్తే రెండు జిల్లాల లైన్లూ పరీక్షకు వచ్చినట్టే.

పలాస_పైలట్

వస్తాను. గాలి లేకపోతే హోస్ట్ కూడా నేనే.